మేకుకెక్కని ఎర్రదారం

మా వాడలో డ్యూటీ దిగి ఇంటికొచ్చే మగవాళ్ళంతా నల్లగా వచ్చేవాళ్ళు. నేనొక్కణ్ణే తెల్లగా వచ్చేవాణ్ణి. మా నాయన గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుడు. ఆయన ఉద్యోగం అన్నకు వచ్చింది. నాకు రామగుండం దగ్గర ఒక చిన్న ప్లాస్టిక్ పైపుల ఫ్యాక్టరీలో మిక్సర్ మీద పని దొరికింది. నేను సైకిల్ దిగుతుంటే మా అమ్మ "పిండిగిర్నిల పనికి కుదిరినవా బిడ్డా" అని అడిగేది. కనుబొమ్మల మీద, చెవుల్లో, చొక్కా మడతల్లో అంతా తెల్లపొడి. అది క్యాల్షియం కార్బొనేట్. మామూలు మాటల్లో చెప్పాలంటే సున్నపురాయిని మెత్తగా విసిరిన పొడి. రిటైరయ్యేదాకా దానిలోనే బతికాను.

ఈ మధ్య మా పక్కింటి అమ్మాయి, ప్లాస్టిక్ డిప్లొమా చదువుతోంది, గోడ మీది నుంచి తొంగి చూసి అడిగింది, "తాతా, మీరు పైపులల్ల సున్నపురాయి కలిపి అమ్మిండ్రట గద?" అని. ఏదో దొంగను పట్టుకున్నట్టు ముఖం పెట్టింది. కలిపామని ఒప్పుకున్నాను. కలపకపోతే పైపు మెత్తగా, ఖరీదుగా తయారవుతుందని కూడా చెప్పాను. పకోడీ పిండిలో మీ అమ్మ కాస్త బియ్యప్పిండి కలుపుతుంది కదా, ఎందుకు? కరకరలాడాలని. అలాగే పైపుకు గట్టిదనం రావాలంటే ఈ పొడి కొంచెం పడాలి. కొంచెం ఎక్కువైతే పకోడీ రాయవుతుంది, పైపు అప్పడమవుతుంది. ఎంత వేయాలో పుస్తకంలో ఉంటుంది. వేశామో లేదో గుర్తు పెట్టుకోవడం మాత్రం ఏ పుస్తకమూ నేర్పదు. ఆ అమ్మాయికి చెప్పిన సంగతే మీకూ చెబుతున్నాను. మీరు ఏ పనిలో ఉన్నా ఎక్కడో ఒకచోట పనికొస్తుంది. రాకపోతే నన్ను చూసి నవ్వుకోవడానికైనా పనికొస్తుంది.

మిక్సర్ అంటే పెద్ద గుండిగ అనుకోండి. అడుగున రెక్కలు గిర్రున తిరుగుతాయి. అందులో ముందు ప్లాస్టిక్ పొడి, అంటే రెసిన్ బస్తాలు గుమ్మరించాలి. వేడికి మాడకుండా ఉండేందుకు ఒక మందు, జారుడుకు కాస్త మైనం వేయాలి. చివరికి ఒకే ఒక్క క్యాల్షియం బస్తా వేసి, మూత బిగించి తిప్పాలి. చిక్కేమిటంటే రెసినూ తెలుపే, క్యాల్షియమూ తెలుపే. గుండిగలో పడ్డాక ఏది ఏదో దేవుడికే తెలియాలి. అందుకని మాకొక పద్ధతి ఉండేది. క్యాల్షియం బస్తా మూతిని ఎర్రదారంతో కుట్టి పంపేవాళ్ళు. బస్తా విప్పగానే ఆ దారాన్ని లాగి, మిక్సర్ పక్కనున్న మేకుకు తగిలించాలి. మేకు మీద దారం ఉంటే క్యాల్షియం పడ్డట్టు, లేకపోతే పడనట్టు. సరుకు కిందికి దించాక దారం తీసి పారేయాలి. ఈ పద్ధతి ఎవరు పెట్టారో తెలియదు. నేను చేరేటప్పటికే ఆ మేకు తుప్పుపట్టి ఉంది.

మా ఫ్యాక్టరీకి సొంత సైరన్ కూడా లేదు. గని సైరనే మా గడియారం. మా మిక్సర్ల దగ్గర పనిచేసేవాళ్ళం అందరమూ బొగ్గుబాయి కార్మికుల పిల్లలమే. పుట్టినప్పటి నుంచి ఆ కూత వినగానే ఇంట్లో అందరూ కదలడం చూసి పెరిగాం. అమ్మ స్నానానికి నీళ్ళు తోడేది, నాయన బూట్లు వెతుక్కునేవాడు. అందుకే సైరన్ మోగితే మా చేతులు వాటంతటవే ఆగిపోయేవి. చేతిలో ఏది ఉంటే అది అక్కడే వదిలేసి బయటికి నడిచేవాళ్ళం, వచ్చేవాడు అక్కడి నుంచి అందుకునేవాడు. మా యజమాని కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ మనిషి. ఆయనకు మా అలవాటు చివరిదాకా వింతే. "మీరు నోటి దగ్గరకొచ్చిన ముద్దనైనా వదిలేసి పోయేట్టున్నారయ్యా" అనేవాడు. అది నిజమే.

పొద్దుటి షిఫ్టు నాది. మధ్యాహ్నం మూడు గంటల సైరన్‌కు నన్ను విడిపించడానికి వచ్చే మనిషిని నేను బావా అని పిలిచేవాణ్ణి. చుట్టరికం ఏమీ లేదు. ఆయన బెల్లంపల్లి మనిషి, నాకన్నా నాలుగైదేళ్ళు పెద్ద. ఆయన టిఫిన్‌లోంచి మామిడికాయ తొక్కు నేను ఎన్నేళ్ళు తిన్నానో, ఆ హక్కుతో వచ్చిన వరస అది. ఆయన నన్ను బామ్మర్దీ అనేవాడు.

బావకు మతిమరుపని పేరు. ఒకరోజు వాళ్ళావిడ చెప్పులు వేసుకుని డ్యూటీకొచ్చి, షిఫ్టు సగమయ్యాక కాళ్ళు నొస్తున్నాయేమిటా అని కిందికి చూసుకున్నాడు. ఇంకోరోజు ఎవరిదో సైకిల్ తొక్కుకుంటూ ఇంటికి పోయి, దానికి గాలి కొట్టి, గొలుసుకు నూనె పెట్టి, మర్నాడు దానిమీదే వచ్చాడు. సైకిల్ గలాయన ఇంకో వారం ఉంచుకోమని బతిమాలాడు. ఒకే పెళ్ళికి రెండుసార్లు గ్లాసుల సెట్టు చదివించాడు. ఈ కథలన్నీ ఫ్యాక్టరీలో తిప్పింది ఎవరనుకున్నారు? నేనే. కొన్నిటికి నా వంతు ఉప్పూకారం కూడా చేర్చాను. ఆయన కోపం తెచ్చుకునేవాడు కాదు. నేను చెబుతుంటే తలూపుతూ వినేవాడు, మధ్యలో నేను మర్చిపోయిన ముక్క ఆయనే అందించేవాడు.

ఇక ఆ మంగళవారం సంగతి. ఆరోజు పొద్దున్నే నా టిఫిన్ డబ్బా పక్కనుండే క్లిప్పు ఊడిపోయింది. మా ఆవిడ, వచ్చేటప్పుడు దేనితోనైనా కట్టి తెమ్మని, మూత పారేసుకుని వస్తే ఊరుకోనని హెచ్చరించి పంపింది. మధ్యాహ్నం ఒక బ్యాచ్ మొదలుపెట్టాను. రెసిన్ వేశాను, మందు, మైనం వేశాను, క్యాల్షియం బస్తా విప్పి గుమ్మరించాను. మూత బిగించే లోపల సైరన్ మోగింది. నేను బయటికి నడిచాను. గేటు దగ్గర బావ ఎదురై నవ్వాడు, నేనూ నవ్వాను. అంతకుమించి నాకేమీ గుర్తులేదు. ఆ సంగతి గుర్తులేదని కూడా నాకు అప్పుడు తెలియదు.

మర్నాడు ఆ పైపులు పెద్దపల్లి దగ్గర ఒక హాస్టల్ కడుతున్న చోటికి లారీలో వెళ్ళాయి. సాయంత్రానికల్లా అక్కడి నుంచి యజమానికి ఫోన్. ఈసారి పైపులు మంచి బరువున్నాయి, మాల్ అంటే ఇట్లా ఉండాలి అని మెచ్చుకున్నారట. ఇందులోని తమాషా మీకు చెప్పాలి. ప్లాస్టిక్ కన్నా సున్నపురాయి బరువు. పొడి ఎక్కువ పడేకొద్దీ పైపు బరువెక్కుతుంది, బలం మాత్రం తగ్గుతుంది. చేత్తో ఎత్తి చూసి కొనేవాళ్ళకు అది తెలియదు. మా యజమాని ఆ సాయంత్రం అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించాడు. అందరికన్నా ఒకటి ఎక్కువ నేనే తిన్నాను.

గురువారం లారీ తిరిగొచ్చింది, పైపులతో సహా. హాస్టల్ దగ్గర ప్లంబర్ రంపంతో కోస్తే పొట్టు దారాల్లా రావాల్సింది పోయి పిండిలా రాలిందట. అనుమానమొచ్చి ఒక పైపును కింద పడేస్తే అంచు పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. ఆ ప్లంబర్ కూడా లారీతో పాటే వచ్చాడు. ఒక ముక్క యజమాని బల్ల మీద పెట్టి, "సార్, గిది నీళ్ల కోసమా, గోడకు సున్నమెయ్యనీకా?" అని అడిగాడు. ఆ హాస్టల్‌లో ఉండబోయేది చదువుకునే ఆడపిల్లలు. ఆ పైపులు గోడల్లోకి వెళ్ళిపోయాక పగిలి ఉంటే ఏమయ్యేదో ఆలోచించడానికి ఇప్పటికీ ఇష్టపడను.

మా ల్యాబ్ చూసే మేడం కెమిస్ట్రీ చదివిన మనిషి, మాట తక్కువ. ఆమె ఒక ముక్కను చిన్న మూసలో పెట్టి కొలిమిలో కాల్చింది. ప్లాస్టిక్ కాలిపోతుంది, రాయి మిగులుతుంది. ఎప్పుడూ మిగిలేదానికి ఇంచుమించు రెండింతలు మిగిలింది. ఖాళీ బస్తాలు లెక్కబెడితే క్యాల్షియానివి ఒకటి ఎక్కువ తేలింది. అంటే మంగళవారం ఒక బ్యాచ్‌లో రెండు బస్తాలు పడ్డాయి. పడింది షిఫ్టు మారే వేళకేనని పైపుల మీద అచ్చయిన టైము గుర్తుల్ని బట్టి తేలింది. అంటే నేనైనా కావాలి, బావైనా కావాలి.

ఎవరని యజమాని అడిగాడు. మేడం మూస చూపించి, "బూడిద ఎంత పడ్డదో చెప్తది సార్. ఎవరు ఏసిండ్రో చెప్పది" అంది. ఆ మాట ఆ గదిలో ఎవరికీ వినపడినట్టు లేదు. అందరూ అప్పటికే బావ వైపు చూస్తున్నారు.

నేను బస్తా వేసి దారం మేకుకు తగిలించానని చెప్పాను. అబద్ధమాడలేదు. ఇరవై ఏళ్ళుగా రోజూ తగిలించిన చెయ్యి, ఆరోజు మాత్రం ఎందుకు తగిలించదు అనుకున్నాను. బావ మాత్రం మేకు మీద దారం లేదని, చూసే వేశానని అన్నాడు. ఎవరో వెనక నుంచి చెప్పులు చూసుకున్నావా అని అడిగారు. గది గొల్లుమంది. బావ ముఖంలో నవ్వు రాబోయి ఆగిపోయింది. తనకు చూసినట్టే ఉందిగానీ ఒట్టు వేయలేనని, ఇంతమంది అంటున్నారంటే మర్చిపోయే ఉంటానని మెల్లగా అన్నాడు.

ఆయన నోటితోనే ఆ మాట వచ్చాక యజమానికి దారి దొరికింది. శనివారం పిలిచి, సోమవారం నుంచి రానక్కర్లేదని చెప్పేశాడు. మిక్సర్ దగ్గర మతి లేని మనిషిని ఉంచలేనన్నాడు. బావ గేటు దాటాడు. ఆయన టిఫిన్ సంచీ గోడ కొక్కేనికి వేలాడుతూ ఉండిపోయింది. అది చూసి నేనేమన్నానో చెప్పాలి, చెప్పకపోతే ఈ కథ రాయడం దండగ. "చూసిండ్రా, కొలువు వోయిన సంగతి గూడ మర్చిపోయి సోమవారం డ్యూటీకొస్తడు" అన్నాను. అందరూ నవ్వారు. బావ గేటు బయట ఇంకా దూరం పోలేదు. ఆయనకు వినపడిందో లేదో ఇప్పటికీ అడగలేదు.

ఆదివారం మా ఆవిడతో చర్చికి వెళ్ళాను. అయ్యగారు పాట నంబరు చెప్పారు. మా ఆవిడ పాటల పుస్తకం అట్ట ఊడి చాలా రోజులైంది, పేజీలు రాలకుండా దారంతో కట్టి ఉంచింది. ఆమె ముడి విప్పి దారం నా చేతికిచ్చి, పుస్తకం తెరిచింది. నేను దారం వైపు చూశాను. ఎర్రదారం. బస్తా కుట్టు వేసిన వంకీలు ఇంకా అలాగే ఉన్నాయి. ఇది ఎక్కడిదని గుసగుసగా అడిగాను.

"నీ టిఫిన్‌దే. మంగళారం కట్టుకొచ్చినవ్ గద. గట్టిగున్నదని దాసిన" అంది, పాట ఎత్తుకుంటూ.

చుట్టూ అందరూ లేచి నిలబడి పాడుతున్నారు. సైరన్ మోగినప్పుడు దారం నా చేతిలోనే ఉంది. ఎదురుగా క్లిప్పు లేని టిఫిన్. చెయ్యి మేకు వైపు పోకుండా డబ్బా వైపు పోయింది. బావ వచ్చి మేకు చూశాడు, దారం లేదు, బస్తా వేశాడు. ఆ మనిషి చేయాల్సింది చేయాల్సినట్టుగా చేశాడు. ఆ వేళ మర్చిపోయింది నేను. ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. చెప్పులు, సైకిలు, గ్లాసుల సెట్టు, బావ మతిమరుపంతా గేటు బయటే. మిక్సర్ దగ్గర ఇన్నేళ్ళలో ఒక్క పొరపాటు కథ కూడా లేదు. ఉంటే నేను ఊరుకునేవాణ్ణా, నలుగురికీ చెప్పి ఉండనూ?

ఇంటికొచ్చాక మా ఆవిడకు అంతా చెప్పాను. భయమేసింది, ఆ సంగతి దాచను. పెద్దమ్మాయి అప్పుడు డిగ్రీలో ఉంది, నాకు ఇంకో చోట ఇంకో పని తెలియదు. ఈ దారాన్ని పొయ్యిలో పడేస్తే ఎవరికీ తెలియదు కదా అన్నాను. ఆమె అన్నం వార్చుతూ నా వైపు తిరగకుండానే జవాబిచ్చింది.

"పొయ్యిల ఏస్తె దారం కాలుతది. మరి రేపు పొద్దున ఆయన ఏడికి పోవాలె?"

సోమవారం సైరన్ కన్నా ముందే ఫ్యాక్టరీకి పోయాను. షిఫ్టు వాళ్ళంతా వచ్చారు, మేడం వచ్చింది, యజమాని తన గది తాళం తీస్తున్నాడు. బావ కూడా వచ్చాడు. గోడ దగ్గర నిలబడి కొక్కేనికున్న తన టిఫిన్ సంచీ తీసుకుంటున్నాడు. నా శనివారపు హాస్యం అక్షరాలా జరుగుతోంది. ఇద్దరు ముగ్గురు నా వైపు చూసి నవ్వడానికి సిద్ధమయ్యారు. నేను యజమాని గదిలోకి పోదామనుకున్నవాణ్ణి, ఆ ముఖాలు చూసి ఆగిపోయాను. నవ్వింది అందరి ముందర. చెప్పడం గదిలోనా?

మిక్సర్ దగ్గరికి నడిచి, జేబులోంచి ఎర్రదారం తీసి మేకుకు తగిలించాను. ఆరు రోజులు ఆలస్యంగా.

"సార్, మంగళారం దారం గిది. మేకుకు ఎయ్యలే, టిఫిన్‌కు కట్టుకొని పోయిన. బావ చూసే ఏసిండు. తప్పు నాది" అన్నాను.

యజమాని తాళంచెవి చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. "మరి ఇన్నాళ్ళూ ఏం చేశావయ్యా?" అన్నాడు.

"నవ్విన సార్" అన్నాను. నా దగ్గర అంతకన్నా నిజమైన జవాబు లేదు.

బావ సంచీ పట్టుకుని మేకు దగ్గరికొచ్చాడు. దారాన్ని వేలితో తాకాడు. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"అంటే ఆ రోజు మేకుకు దారం లేదు."

"లేదు బావా."

"నేను చూసిన."

"చూసినవ్."

ఆయన అక్కడే రెసిన్ బస్తా మీద కూలబడి, భుజం మీది తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత నాతో అన్న మాట నేను మర్చిపోలేదు. "ఇన్నొద్దుల సంది ఇంటికి తాళమేసి, మళ్ల వెనక్కి పోయి చూస్తున్న బామ్మర్దీ. పొయ్యి ఆర్పిన్నా అని మీ అక్కను నాలుగుసార్లు అడుగుతున్న. చెప్పులు మరిస్తె నవ్వుకుంటి. గాని నా కండ్లను నేనే నమ్మకుంటనైతి."

యజమాని క్షమించమని అనలేదు. ఆ మాట ఆయనకు అలవాటు లేదు. బావ చేతిలోని టిఫిన్ సంచీ తీసుకుని, తనే తిరిగి కొక్కేనికి తగిలించి గదిలోకి పోయాడు. మా యజమాని చేతులతో ఒక కార్మికుడి టిఫిన్ పట్టుకోవడం అంతకుముందు ఎవరూ చూడలేదు.

నా సంగతి మధ్యాహ్నానికి తేలింది. పని పోలేదు, మిక్సర్ పోయింది. తిరిగొచ్చిన లారీడు పైపులను ముక్కలుగా కోసి, పొడి పట్టించి, మంచి సరుకులో రోజుకింత కలుపుకుంటూ వాడేసుకోవాలి. ఆ గ్రైండర్ మీదికి నన్ను పంపారు. చెవులు గింగురుమనే పని. నేను బరువెక్కించిన ఒక్కో పైపునూ నేనే ఎత్తి, నేనే కోశాను. ఎంత బరువో అప్పుడు నా నడుముకు తెలిసింది. ఫ్యాక్టరీలో నా పేరు "రెండు బస్తాలు" అయింది. గేటు దగ్గర, టీ బండి దగ్గర, ఆఖరికి నా రిటైర్‌మెంట్ దండలు వేసేటప్పుడు కూడా ఎవరో వెనక నుంచి అదే పేరుతో పిలిచారు. ఒక్క బావ మాత్రం ఆ పేరుతో ఏనాడూ పిలవలేదు. ఆ పైపులన్నీ అయిపోయి నేను తిరిగి మిక్సర్ మీదికి వచ్చిన రోజు మూడు గంటల సైరన్‌కు ఆయనొచ్చి, ముందు మేకు చూశాడు, తర్వాత నా టిఫిన్ చూశాడు. మూత బిగించకుండా సైరన్‌కు కదలకూడదని మేడం ఆ తర్వాత కట్టడి చేసింది. పాటించడానికి మాకు చాలా రోజులు పట్టింది, కాళ్ళు వినేవి కావు.

ఇప్పుడు బావ బెల్లంపల్లిలో ఉంటున్నాడు. ఈ రెండేళ్ళుగా ఆయనకు నిజంగానే మతి తప్పుతోంది, డాక్టరు కూడా అదే చెప్పాడు. నేను హాస్యానికి ఈ మాట అనడం లేదు. నెలకోసారి పొద్దుటి బండెక్కి పోయి చూసొస్తాను. కొన్నిసార్లు మనవరాలి పేరు గుర్తుండదు, అన్నం తిన్నదీ గుర్తుండదు. నన్ను మాత్రం బామ్మర్దీ అనే పిలుస్తాడు. కాసేపు కూర్చున్నాక ముఖం కలవరంగా పెట్టుకుని, చెయ్యి పట్టుకుని, ప్రతిసారీ అదే అడుగుతాడు.

"ఆ రోజు మేకుకు దారం ఉండెనా బామ్మర్దీ? నేను చూడకుంట ఏసిన్నా?"

"లేదు బావా. నువ్వు చూసే ఏసినవ్. దారం నేను టిఫిన్‌కు కట్టుకొని పోయిన."

ఆయన కళ్ళు పెద్దవి చేసి నన్ను చూస్తాడు, అప్పుడే మొదటిసారి విన్నట్టు. తర్వాత నవ్వడం మొదలుపెడతాడు. లోపలున్న అక్కను పిలిచి, చూడు, బామ్మర్ది ఎంత మతిమరుపోడో అని చెప్పి మళ్ళీ నవ్వుతాడు. ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుని టీ పెట్టడానికి పోతుంది. ఒకప్పుడు అందరం కలిసి ఆయన్ని చూసి నవ్వాం. ఇప్పుడు నెలకోసారి ఆయన నన్ను చూసి నవ్వుతాడు. సాయంత్రం బండి అందకపోయినా సరే, ఆ నవ్వు అయిపోయేదాకా నేను లేవను.